చూరు నీళ్ళ హద్దు

1952 వేసవిలో నన్ను అమలాపురం తాలూకా సర్వేయరుగా వేశారు. అప్పటికి మనమింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. నేను కడప జిల్లావాణ్ణి. అంతకు ముందు చేసిన ఉద్యోగమంతా మెట్ట తాలూకాలలోనే. అక్కడ తాతల నాడు పాతిన రాయి మనవళ్ళ నాడు కూడా కదలదు, మనుషులు కూడా అంతే, కాదంటే కాదని మొహం మీదే చెబుతారు. కోనసీమలో రెండూ వేరు. నాలుగు జానలు తవ్వితే నీళ్ళు పడే నేల, పాతిన రాయి నాలుగు వానలకు ఒరుగుతుంది. మనుషులు మహా మర్యాదస్థులు, ఏం చెప్పినా "ఆయ్" అంటారు. ఆ మాట విని పనైపోయిందనుకుని గొలుసు చుట్టించుకుని వచ్చేసిన రోజులు మొదట్లో నాకు చాలానే ఉన్నాయి.

సర్వేయరంటే తాసీల్దారు గారి కింద పనిచేసే చిన్న ఉద్యోగి. నూరు లింకుల ఇనుప గొలుసు, దాన్ని లాగడానికి ఇద్దరు మనుషులు, ప్రతి పొలానికీ కొలతలు గీసి పెట్టిన ఎఫ్.ఎం.బి. అనే పుస్తకం, ఇవీ మా ఆస్తి. గట్టు తగువు వస్తే పుస్తకంలో ఉన్న కొలతను నేల మీద పెట్టి చూపించాలి. అంతవరకే మా పని. గొలుసు అబద్ధం చెప్పదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం కొంచెం గర్వంగా కూడా ముదిరిందని మా ఆవిడ అనేది.

చేరిన కొత్తల్లోనే బండారులంక నుంచి ఒక అర్జీ వచ్చింది. పెట్టినవాడు కామేశం అనే నేతగాడు. భార్య నూకరత్నం మెడలోవీ చేతులవీ అమ్మి ఆ మధ్యనే ఒక తాటాకిల్లు కొన్నాడు. తూర్పు గోడ పక్కనే గుంటమగ్గం వేసుకున్నాడు. అంటే నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దింపుకుని కూర్చుని నేసే మగ్గం. ఇంటి పైకప్పు చివికిపోయింది. వానాకాలం లోపల తాటాకు తీయించి పెంకు వేయించుకోవాలి. లేకపోతే మగ్గం మీది పడుగు నూలు మీద నీళ్ళు కారి రంగు దిగుతుంది, గుంటలో నీళ్ళు నిలుస్తాయి, ఆ ఏడాదికి తిండి ఉండదు. అయితే కప్పు ముట్టుకోవడానికి భయపడుతున్నాడు. ముట్టుకుంటే స్థలం పోతుందట! అర్జీలో ఆ మాట చదివి, రాసినవాడు పొరపాటు పడ్డాడనుకున్నాను. తాసీల్దారు గారు దాని మీద "సర్వేయరు తనిఖీ చేసి రిపోర్టు పంపవలెను" అని రాసి నా బల్ల మీద పడేశారు.

ఊరు వెళ్ళగానే కరణం గారు మొదటి దెబ్బ కొట్టారు. ఇళ్ళున్న భాగమంతా గ్రామకంఠం. ప్రభుత్వం పొలాలను కొలిచింది కాని ఇళ్ళను కొలవలేదు. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ కలిపి ఒకే సర్వే నంబరు, చుట్టూ ఒకే గీత. ఎవరి ఇల్లు ఎక్కడితో ఆగుతుందో నా పుస్తకంలో లేదు. ఇక మిగిలినవి దస్తావేజులు. కామేశం తనది తెచ్చాడు. తూర్పింటి యజమాని, కొబ్బరి వ్యాపారం చేసే పేర్రాజు గారు, తనదీ తెచ్చారు. అరుగు మీద కూర్చుని రెండూ చదివాను.

కామేశం దస్తావేజులో తూర్పు హద్దు, "పేర్రాజు ఇంటి చూరు నీళ్ళు పడు చోటు." పేర్రాజు గారి దస్తావేజులో పడమటి హద్దు, కామేశం కొన్న ఇంటి చూరు నీళ్ళు పడు చోటు. నీ హద్దేదని కామేశాన్ని అడిగితే పేర్రాజు గారి చూరు చూపిస్తాడు, పేర్రాజు గారిని అడిగితే ఆయన కామేశం చూరు చూపిస్తారు. మళ్ళీ చదివాను. చదివినకొద్దీ బుర్ర తిరిగింది.

రెండూ తాటాకిళ్ళుగా ఉన్న రోజుల్లో ఇది చక్కగా నడిచింది. రెండు చూర్లూ ఇళ్ళ మధ్య సందు మీదికి వంగి దాదాపు తాకేవి. రెంటి నీళ్ళూ ఒకే కాలవలో పడేవి, ఆ కాలవే హద్దు. తరవాత పేర్రాజు గారు పెంకుటిల్లు కట్టుకున్నారు. పెంకు చూరు పొట్టిది. ఆయన నీళ్ళు ఆయన గోడవైపు వెనక్కి జరిగాయి. అంటే కామేశం కాగితం ప్రకారం కామేశం స్థలం అంత ముందుకు పెరిగింది! పేర్రాజు గారి కాగితం ప్రకారం ఆయన స్థలం తగ్గలేదు. మధ్యలో జానెడు నేల ఇద్దరిదీ అయి కూర్చుంది. ఇప్పుడు కామేశం కూడా పెంకు వేస్తే అతని చూరూ వెనక్కి పోతుంది, దాంతో పేర్రాజు గారి హద్దు నడుచుకుంటూ కామేశం గోడ దగ్గరకొస్తుంది. అర్జీ రాసినవాడు పొరపాటు పడలేదు. కప్పు ముట్టుకుంటే నిజంగానే స్థలం పోతుంది. కొత్త తాటాకు వేయించినా, చూరు పాత చోటికే వచ్చిందని పేర్రాజు గారు ఒప్పుకోవాలి. బట్టలు నేసేవాడు ఇల్లు తాటాకుతో నేయించుకోలేక, పెంకూ వేయించుకోలేక, ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉన్నాడు.

పాత కాలవ ఎక్కడుండేదో చూపమన్నాను. పేర్రాజు గారు దాన్ని ఎప్పుడో పెంకు ముక్కలతో పూడ్పించేశారు. ఆయన ఒక చోటు చూపించారు, కామేశం ఒక చోటు చూపించాడు, వీధిలో పెద్దాయన ఒకాయన వచ్చి మూడో చోట కర్ర పాతాడు. ముగ్గురూ ఒకరినొకరు బాబాయి గారూ, అబ్బాయి గారూ, మావయ్య గారూ అనే పిలుచుకున్నారు. గట్టి మాట ఒక్కటి కూడా లేదు. తిట్టుకుంటే ఎవరి పక్షం బలమో నాకు కాస్త అంతుచిక్కేది. మూడింటికీ మధ్యగా రాయి పాతిస్తాను, ఒప్పుకుంటారా అని అడిగాను.

"ఆయ్. తవరెక్కడ పాతమంటే అక్కడేనండి," అన్నారు పేర్రాజు గారు. ఊపిరి పీల్చుకుని కలం తీశాను. "కాని ఆ సందు మాత్రం నాదేనండి," అన్నారాయన అదే గొంతుతో. "నిచ్చెన వేసుకోటానికి చోటుండొద్దాండీ? ఆయన చూరు నీళ్ళు నా పునాదిలోకే వస్తున్నాయి, తవరే చూడండి." చూస్తే అదీ నిజమే. గోడ అడుగున చెమ్మ పొంగి సున్నం రాలుతోంది. ఆయన దురాశాపరుడైతే నా పని సులువయ్యేది.

తాసీల్దారు గారి దగ్గరకు వెళ్ళి చెప్పుకున్నాను. ఆయన, "ఉన్నది కొలవవయ్యా, లేనిది ఎందుకు కొలుస్తావు?" అన్నారు. గ్రామకంఠంలో హద్దు తేల్చవలసింది సివిల్ కోర్టు, మనం కాదు అని కూడా అన్నారు. రూలు ప్రకారం అది సరైన మాటే. ఆ మాటే మోసుకెళ్ళి కామేశానికి చెప్పాను. అతను తల వంచుకుని "ఆయ్" అన్నాడు. నూకరత్నం మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చింది.

"కోర్టోరు తేల్చేదాకా వాన ఆగుద్దాండీ, సర్వేరు బాబుగారూ?"

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వాన ఆగలేదు. మృగశిర కార్తె దాటగానే ముసురు పట్టింది. అల్లవరం వైపు ఒక పొలం తగువు చూసుకుని తిరిగి వస్తూ బండారులంకలో దిగాను. కామేశం ఇంటి తూర్పు గోడ సందులోకి కూలిపోయి ఉంది. కప్పు ఒక పక్కకు ఒరిగింది. మగ్గం గుంట నిండా నూలు రంగు దిగిన ఎర్రనీళ్ళు. మనుషులు లేరు. పక్కింటాయనను అడుగుదామని పేర్రాజు గారి వాకిట్లోకి వెళ్ళాను.

ఆయన వసారాలో మనుషులు గుంట తవ్వుతున్నారు. పేర్రాజు గారు పంచె ఎగగట్టి దగ్గరుండి తవ్విస్తున్నారు. ఎత్తు పునాది ఇల్లు కాబట్టి అక్కడ ఊట రాదు. కామేశం మగ్గం కర్రలు ఒక మూల ఆనించి ఉన్నాయి. పూర్తిగా పాడవకుండా దక్కిన పడుగును నూకరత్నం, పేర్రాజు గారి భార్య చెరో కొసా పట్టుకుని ఆరబెడుతున్నారు. జానెడు సందు ఇవ్వనన్న మనిషి నడి వసారాను పెళ్ళగింపిస్తున్నారు! నాకేం అర్థం కాలేదు. హద్దు సంగతి ఒప్పందమైందా అని అడిగాను.

"అదెక్కడిదండీ," అన్నారాయన ఆశ్చర్యంగా. "ఆడకూతురు పడుగు తడుపుకుని కూర్చుంటే చూస్తా ఊరుకుంటామాండీ? సందు సంగతి వేరండి. అది నాదే."

కామేశం వైపు చూశాను. "నాదేనండి," అన్నాడు చిన్నగా, మగ్గం కర్ర ఒకటి పేర్రాజు గారి చేతికి అందిస్తూ.

గోడ లేకపోవడంతో రెండు కప్పుల నీళ్ళూ కూలిన ఇంట్లోకీ, పేర్రాజు గారి పునాదిలోకీ పోతున్నాయి. అందుకని ఆ వారంలోనే తాటి మొద్దు ఒకటి తొలిపించి, దోనెలా చేసి, సందు పొడవునా గుంజల మీద నిలబెట్టారు. చూరు నీళ్ళు దోనెలో పడి వీధి కాలవలోకి పోతాయి. ముసురు తగ్గేదాకా ఉంటే చాలనుకుని పెట్టినదది. మరుసటి వేసవిలో కామేశం గోడ లేపి పెంకు వేయించుకున్నాడు. దోనె పీకలేదు సరికదా, నీళ్ళు సరిగ్గా అందులో పడాలని ఇద్దరూ చెరో వరస పెంకు సందులోకి పొడిగించారు. నా లెక్కలో అది ఇద్దరూ చేసిన ఆక్రమణ. గుంజలు పాతింది కూడా నేను గొలుసు పెట్టడానికి భయపడ్డ ఆ జానెడులోనే.

అర్జీ ఇంకా నా బల్ల మీదే ఉంది. దానికి ముగింపు రాయాలి. చూరు నీళ్ళే హద్దయితే, ఇప్పుడు చుక్క నీరు కూడా సందులో పడడం లేదు. హద్దు ఎక్కడని రాయను? చివరికి ఇలా రాశాను: "ప్రస్తుతము చూరు నీళ్ళు నేలమీద పడుటలేదు. కావున దస్తావేజులలోని హద్దు స్థలముమీద కానరాలేదు. ఉభయులకు తగువు లేదు." తాసీల్దారు గారు పిలిపించారు. "హద్దు లేదంటావు, తగువూ లేదంటావు. ఏదో ఒకటి ఉండాలి కదయ్యా?" అన్నారు. నేనూ అదే అనుకుంటున్నానండి అన్నాను. ఆయన కలం తీసి సంతకం పెట్టేశారు.

ఇప్పటికీ ఇల్లు కొనేవాళ్ళు ఎవరైనా సలహాకు వస్తే నేను చెప్పేదంతా ఆ సందులో నేర్చుకున్నదే. మారిపోయేదాన్ని హద్దుగా రాయించుకోవద్దు. చూరు మారుతుంది, కాలవ పూడుతుంది, కంచె కదులుతుంది, చెట్టు పడిపోతుంది. వీధి రాయి నుంచి ఇన్ని అడుగులని కొలత వేయించి, పక్కవాళ్ళ చేత కూడా సంతకం పెట్టించుకోవాలి. కప్పు మార్చేముందు పాత కప్పు ఉండగానే రాళ్ళు పాతించాలి. ఎండలో ఇల్లు చూసి బయానా ఇచ్చేవాడంటే నాకు ఒళ్ళుమంట. గట్టి వాన పడుతుండగా గొడుగేసుకు వెళ్ళి, నీళ్ళు ఎక్కడ పడి ఎటు పోతున్నాయో చూసి బేరమాడాలి. సర్వే ఆఫీసుకు వెళితే అన్నీ తేలిపోతాయనుకోవద్దు, ఊళ్ళో ఇళ్ళ సంగతి మా పుస్తకాల్లో చాలాచోట్ల లేదు. ఈ మాటల్లో దేనిమీదా నాకు అనుమానం లేదు.

అయితే కొన్నేళ్ళకు నాకు బదిలీ వచ్చింది. సామాను కట్టించుకుంటుంటే ఆ జానెడు గుర్తొచ్చి మనసు కుదురుగా ఉండలేదు. ఇప్పుడు సఖ్యంగా ఉన్నారు, ఇదే మంచి సమయం, మధ్యగా రాయి పాతించి ఇద్దరి చేతా సంతకం పెట్టించేస్తే పిల్లల కాలానికి చిక్కుండదు అనుకున్నాను. గొలుసు మనుషుల చేత ఒక రాయి బండెక్కించుకుని వెళ్ళాను. పేర్రాజు గారు కాఫీ ఇప్పించారు. కామేశం పీట వేశాడు. నేను చెప్పినదానికి ఇద్దరూ "ఆయ్, ఆయ్" అన్నారు. రాయి దింపిద్దామని లేస్తే ఇద్దరూ కలిసి దారికడ్డంగా నిలబడ్డారు. మాట మాత్రం నూకరత్నమే అంది.

"వద్దండి, బాబుగారూ. ఇప్పుడది ఇద్దరిదీనండి. రాయి పాతేరంటే అటు సగం మాది కాకుండా, ఇటు సగం వారిది కాకుండా పోద్ది కదండీ."

సర్వేయరుగా నేను దానికి చెప్పవలసిన జవాబులు చాలా ఉన్నాయి. రాయిని మళ్ళీ బండెక్కించమని మా మనుషులకు చెప్పాను.