పది నిమిషాల రాజ్యాంగం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ప్రజాస్వామ్యం మీద ఎంత నమ్మకమో, అది నా జోలికి మాత్రం రాదని అంత ధీమా. బీరంగూడలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఆరు నెలలు బాగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తానన్నారు కరస్పాండెంటు గారు, అంటే బడి యజమాని. (బాగా చేయడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.) 'చట్టం ముందు అందరూ సమానమే' అనే పాఠం వచ్చింది. చదివి వినిపిస్తే పిల్లలు ఆవులిస్తారని, "మన తరగతికి మనమే రాజ్యాంగం రాసుకుందాం" అన్నాను. ఎంత గొప్ప ఆలోచన అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ పిల్లల్లో చాలామంది నాన్నలు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. రాజ్యాంగం సంగతేమో గానీ, ఫ్యాక్టరీ గేటు సంగతి వాళ్ళకు కొట్టినపిండి. అందుకే మొదటి రూలే ఇలా రాశారు: ఆలస్యంగా వస్తే గుమ్మం బయట పది నిమిషాలు, కానీ ముందు కారణం అడగాలి, సరైనదైతే వదిలేయాలి. రెండు జడల క్లాస్ లీడరు లేచి ఇంకో మాట కలిపింది. "మా నాయిన రెండు నిమిషాలు లేటైతే గేటు కాడనే ఆపుతరు మేడం. ఆఫీసర్ కారొస్తే సెల్యూట్ కొట్టి తీస్తరు. మన దాంట్ల గట్ల ఉండొద్దు. మేడంకైనా గంతే!" అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టి, రూల్స్ రాసిన ఛార్టు మీద సంతకం కూడా పెట్టాను. మన దాకా వచ్చినప్పుడు కదా!

వచ్చింది. అదీ ఆరో నెలలో, కరస్పాండెంటు గారు మొదటి పీరియడ్‌లో నా పాఠం చూడ్డానికి వస్తానన్న రోజే. బెల్లు కొట్టిన ఆరు నిమిషాలకు రొప్పుతూ గుమ్మం దగ్గరికి చేరాను. లీడరు చెయ్యి అడ్డం పెట్టింది. "కారణం చెప్పుర్రి మేడం." సంగారెడ్డి బస్సు లేటైందని అనేశాను. వెనక బెంచీలోంచి, లక్డారం ఊరి నుంచి వచ్చే పిల్ల అమాయకంగా లేచింది. "నేను గూడ గదే బస్సు దిగిన మేడం. మీరు హోటల్లకు పోయిన్రు."

సరిగ్గా అప్పుడే నా వెనక దగ్గు వినిపించింది. కరస్పాండెంటు గారు! "ఏంది మేడం, బయట నిలబడ్డరు? లోపలికి నడువుర్రి."

ఒక్క అడుగు వేస్తే చాలు, ఉద్యోగం దక్కుతుంది. (అమ్మ అప్పటికే చుట్టాలందరికీ ఖాయమైందని చెప్పేసింది.) కానీ ఆ చెయ్యి దిగలేదు. "పది నిమిషాలు కాలే సార్," అంది లీడరు.

"ఈ బడి ఎవరిది బిడ్డా?"

"మీదే సార్. రూలు మాత్రం అందరిది." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి దించలేదు. నేను చెప్పిన పాఠాన్ని నాకంటే ఎక్కువ నమ్మిన ఆ పిల్లను చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

"నేను ఆగుత సార్," అన్నాను. "బస్సు మాట అబద్ధం. ఒక ప్లేట్ పూరీ తిని, ఇంకో ప్లేట్ చెప్పిన. అది వచ్చేసరికి బెల్లయింది."

తరగతి గొల్లుమంది. కరస్పాండెంటు గారు నవ్వలేదు. గడియారం చూసుకుని, గంభీరంగా వచ్చి వరండాలో నా పక్కనే నిలబడ్డారు. "బెల్లుకే వస్తనన్న కద మేడం. నేను గూడ లేటే." ఇద్దరం గోడకు ఆనుకుని, లోపల పిల్లలు నిమిషాలు లెక్కపెడుతుంటే వింటూ నిలబడ్డాం. కాసేపటికి ఆయన మెల్లగా అడిగారు, "పూరీ ఏ హోటల్ల?"

ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు నేనే ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలిని. అడపాదడపా ఆలస్యంగానే వెళ్తాను. పిల్లలు గబగబా లేచి నమస్తే పెడతారు తప్ప ఎందుకు లేటైందని ఒక్కరూ అడగరు. ఇంత భయం వీళ్ళకు నేనెప్పుడు నేర్పానా అనుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. నన్ను ఆపే పిల్ల ఒక్కతి రాకపోతుందా అని రోజూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి చూస్తాను.