అద్దకం బల్ల మీద మనవడు

పెడనలో మా వీధి చివరి అద్దకం షెడ్డు కనకరత్నానిది. ఆవిడ అనుమానం గురించి మా వీధిలో చెప్పుకోని వాళ్ళు లేరు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటుంది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటుంది. పక్కింటిదాన్ని నేను కూర పట్టుకెళితే, ముందు నాచేత ఒక ముద్ద తినిపించి గానీ గిన్నె లోపలికి తీసుకెళ్ళదు. అంతటి మనిషి ఒక్క మనవడి విషయంలో మాత్రం కళ్ళు మూసుకు కూర్చుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మనవడికి పోయిన తాతగారి పేరే పెట్టారు, వెంకటపతి అని. కనకరత్నం మొగుడి పేరు నోటితో పలకని మనిషి. అందుకని పిల్లాణ్ణి "పెద్దాయనా" అని పిలిచేది. తండ్రి సతీష్‌కి వాడు చిన్నా, తల్లి శ్రీదుర్గకి బంగారం. ఇక నేనంటారా, నోటికి ఏదొస్తే అదే.

తొమ్మిదో నెల టీకాకి తీసుకెళ్ళినప్పుడు నర్సు అడిగిందట, కూర్చుంటున్నాడా, పాకుతున్నాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా అని. మొదటి రెండిటికీ శ్రీదుర్గ మురిసిపోతూ తలూపింది. మూడోదానికి మాత్రం, "మా ఇంట్లో తలా ఒక పేరుతో పిలుస్తామండీ, వాడు మాత్రం దేనికని తిరుగుతాడు?" అని నవ్వేసింది. నవ్వింది గానీ ఆ ప్రశ్నను ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కనకరత్నం మా గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది.

"లక్ష్మీకాంతం, మా కోడలు, ఆ మొవ్వ ఊరి పిల్ల, ఏదో చేస్తోందే. పిల్లాడి వెనకాల నిలబడి చిటికెలేస్తోంది. పడుకున్నవాడి చెవిలో ఏదో గొణుగుతోంది. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా మంత్రం గింత్రం చెప్పారంటావా?"

"నీకు అన్నీ అలాగే కనపడతాయి వదినా," అని కసిరి పంపించాను. కానీ అనుమానం అంటురోగం. మర్నాటి నుంచి నేనూ వంటింటి కిటికీ దగ్గర కాపలా కాశాను. నిజమే, శ్రీదుర్గ అటూ ఇటూ చూసి, స్టీలు పళ్ళెం కావాలనే గచ్చు మీద జారవిడిచింది. ఇవతల ఇంట్లో ఉన్న నేను ఉలిక్కిపడ్డాను. పళ్ళేనికి జానెడు దూరంలో ఉన్నవాడు మాత్రం చేతిలోని చెక్క అచ్చు నోట్లో పెట్టుకుని చీకుతూనే ఉన్నాడు. మొన్నమొన్నటిదాకా 'బబ్బబ్బ' అంటూ వీధంతా వినిపించినవాడు ఈ మధ్య ఎందుకు నోరు మెదపడం లేదో అప్పుడు తట్టింది.

వెళ్ళి అనేశాను. కనకరత్నం నా మీద ఇంతెత్తున లేచింది.

"నా మనవడికి చెవుడా? ఎవరన్నారు? రా, నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని!"

మనవణ్ణి అద్దకం బల్ల చివర, తనకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్కటిచ్చింది. వాడు గిరుక్కున తిరిగి బోసినోటితో నవ్వాడు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తిరిగాడు. వాడు పుట్టినప్పటినుంచి ఆవిడ పని చేసుకునేది వాణ్ణి ఆ బల్ల మీదే పెట్టుకుని.

"చూశావా? ఇప్పుడేమంటావ్?"

గుమ్మంలో నిలబడి చూస్తున్న శ్రీదుర్గ లోపలికి వచ్చింది. నేల మీద గోనె పరిచి, పిల్లాణ్ణి బల్ల మీంచి ఎత్తి దాని మీద కూర్చోబెట్టింది.

"ఇప్పుడు కొట్టండి అత్తయ్యా."

కొట్టింది. వాడు తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. రంగు చిమ్మి గుడ్డ మీది పువ్వంతా అలుక్కుపోయింది. జీవితంలో గుడ్డ పాడుచెయ్యని మనిషి మూడోసారీ కొట్టింది. వాడు గోనెలోంచి పీచు లాక్కుంటున్నాడు.

"బల్ల అదురుతుంటే తిరుగుతున్నాడు అత్తయ్యా. వినపడి కాదు." అంది శ్రీదుర్గ.

కనకరత్నం నమ్మలేదు. అరచెయ్యి బల్ల చివర ఆనించి నన్ను కొట్టమంది. కొట్టాను. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

విజయవాడలో పరీక్ష చేశారు. వినికిడి చాలా తక్కువ, బొత్తిగా లేకపోలేదు, రెండు చెవులకీ వెంటనే మిషన్లు పెట్టాలి అన్నారు. ఇంట్లో అందరూ ఒకే పేరుతో పిలవాలని కూడా చెప్పారు. ఆ డాక్టరుకు మిషన్ల కొట్టులో వాటా ఉందని కనకరత్నం బస్సులో దారి పొడుగునా అంటూనే ఉందట. అంటూనే ఆ మిషన్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దించకుండా తెచ్చింది.

కొన్నాళ్ళు వాడు పీకేయడం, శ్రీదుర్గ పెట్టడం. పుట్టినరోజు దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం శ్రీదుర్గ వెనకనుంచి "వెంకటపతీ" అంది. వాడు తిరిగాడు. శ్రీదుర్గ కేకకి నేను పరుగెత్తాను.

"నీ నీడ పడుంటుంది," అంది కనకరత్నం. "నేను చూస్తా ఉండు."

పిల్లాణ్ణి పెరట్లో మట్టినేల మీద కూర్చోబెట్టించింది. తను వెళ్ళి ఆరేసిన అద్దకం గుడ్డ వెనక దాక్కుంది. నీడ పడదు, మొహం కనపడదు, అదరడానికి బల్ల లేదు.

"పెద్దాయనా!"

వాడు మట్టి గీకుతున్నాడు.

"పెద్దాయనా! ఒరేయ్!"

"ఆ పేరు వాడికి తెలీదు వదినా," అన్నాను.

గుడ్డ వెనకనుంచి ఎంతకీ మాట రాలేదు. శ్రీదుర్గ నా చెయ్యి పట్టుకుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలాంటి సన్నటి గొంతు వినిపించింది.

"వెంకటపతీ..."

వాడి చెయ్యి ఆగింది. తలెత్తి, గబగబా పాక్కుంటూ వెళ్ళి గుడ్డ అంచు పట్టి లాగాడు. అవతల కనకరత్నం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకుంది.

"గాలికి గుడ్డ కదిలితే చూసి వచ్చాడేమోనే. ఇంకోసారి పిలిచి చూస్తా," అంది.

చీకటి పడేదాకా పిలుస్తూనే ఉంది. ఆ సాయంత్రం అసలు గాలే లేదు.