ఛార్జింగ్ మూతికి బొట్టు

నేను పంతొమ్మిది వందల యాభైల్లో పుట్టిన మనిషిని. నలభై ఏళ్లు మా ఆయన స్కూటర్ వెనక ఒకవైపుకు తిరిగి కూర్చుని, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డుకు ఒకపక్క ఊళ్లే చూసినదాన్ని. ఆయనకు కళ్లు మసకబారి, బండి ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాక, అరవై ఎనిమిదో ఏట ఎలక్ట్రిక్ స్కూటర్ నేర్చుకున్నాను. ఇస్నాపూర్ గల్లీల్లో జనం ముసిముసిగా నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకేం పోయింది? మొదటిరోజు హ్యాండిల్ పట్టుకున్నప్పుడు పెళ్లినాటి కంటే ఎక్కువ సంబరపడ్డాను. ఈ మాట ఆయనకు మాత్రం చెప్పలేదు.

ఆయన దాన్ని బండి కింద జమకట్టలేదు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపిన మనిషి. చప్పుడు చేయనిది ఆయన లెక్కలో యంత్రమే కాదు. పైగా కరెంటుకూ వానకూ పడదని ఒకటే పట్టు. తొలకరి పడగానే షరతు పెట్టాడు.

"వానకాలం మొత్తం సూస్త. ఒక్కనాడు మొరాయించిందా, అమ్మేస్త. మల్ల ఆటోలనే పోదువు."

కూరగాయలకో, చెల్లెలి ఇంటికో ఎవరినీ అడగకుండా బయలుదేరే రుచి అప్పటికే నాకు తగిలింది. మళ్లీ ఒకరి కోసం గడపలో కాచుకుని నిలబడడం నా వల్ల కాదు. అందుకే ఒప్పుకున్నాను, ఆ వానకాలమంతా పరీక్ష రాసే పిల్లలా బతికాను.

మా పైగదిలో కిరాయికుండే ముస్లిం అబ్బాయి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. అతనే నాకు గురువు. జల్లు తగలకుండా వరండా లోపలి గోడకు, నడుమెత్తున, ఎర్త్ ఉన్న సాకెట్ బిగించాడు. తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోలేదు. తడిసి వచ్చిన బండిని తుడిచి ఆరబెట్టాకే ఛార్జింగ్ పెట్టాను. ముత్తంగి దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిస్తే లోతు చూద్దామని సాహసం చేయకుండా బండి వెనక్కి తిప్పేదాన్ని. "బ్రేకు జెర మెల్లగ, జారుతది," అని వెనక నుంచి మా ఆయన గొణిగేవాడు. ఆయన చెప్పేది నిజమే, మెల్లగానే పట్టేదాన్ని.

అలా దసరా దాకా నెట్టుకొచ్చాను. పండగనాడు బండి ముందు ఒక బొట్టు, హ్యాండిల్‌కు ఒక బంతిపూల దండ, అంతే పూజ చేశాను. జమ్మి ఆకు ఇవ్వడానికి చెల్లెలి ఇంటికి వెళ్లి, తడిసి వచ్చి, రాత్రంతా ఆరనిద్దామని బండిని వరండాలో వదిలేశాను. మర్నాడు సంగారెడ్డిలో అలయ్ బలయ్. ఆయనతో పనిచేసి రిటైరైన వాళ్లంతా కలిసి కావలించుకునే రోజు. ఆయన ఏడాదంతా దానికోసమే ఎదురుచూస్తాడు.

పొద్దున్నే ప్లగ్గు పట్టుకుని ఛార్జింగ్ మూత తెరిస్తే, లోపలి పిన్నుల నిండా పసుపూ కుంకుమా ముద్ద. ఇంకా తడిగా ఉంది. కొబ్బరినీళ్ల వాసన. బయట సన్నగా వాన.

కేకేస్తే పైగది అబ్బాయి పరుగున వచ్చాడు.

"పెట్టకు అమ్మా. గంత తడిల కరెంటిస్తే ఖతం. పరేషాన్ గాకు, నేను సూస్త," అని ముందు స్విచ్ ఆపేశాడు. బండి కూడా పూర్తిగా ఆపి, ఫ్యాక్టరీలో ప్యానెళ్లకు కొట్టే స్ప్రేతో, పొడిబ్రష్‌తో ముద్దంతా తీశాడు. ఆరడానికి గంటకు పైగా పట్టింది. అంతసేపూ మా ఆయన మంచం మీద పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బండి మొరాయించింది, షరతు ఆయనవైపే ఉంది. నా తాళంచెవి పోయినట్టేనని ఏడుపొచ్చింది.

మీటరు పెట్టి చూసి, ఇక ఛార్జింగ్ పెట్టుకోవచ్చని ఆ అబ్బాయి చెప్పాక, పేపరు దించకుండానే మా ఆయన అన్నాడు:

"నేనే పెట్టిన. నిన్న నువ్వు తడిసొచ్చి స్నానానికి వోయినప్పుడు."

ప్లగ్గు వదిలేసి ఆయన మంచం దగ్గరికి నడిచాను.

"దసరానాడు బాయిలర్ మూతికి బొట్టు వెట్టకుండ ఎన్నడు నిప్పెయ్యలే. దీని మూతి యాడుందో దేవులాడిన. గక్కడ్నే గద ఇది తినేది. రెండు సుక్కలు కొబ్బరినీళ్లు గూడ వోసిన."

"ఇది బండే కాదంటివి గద. మరి బొట్టెందుకు?"

"బండికి గాదే," అని కసురుకున్నాడు. "నడిపేది నువ్వు గద."

పైగది అబ్బాయి నవ్వు ఆపుకోలేక బ్రష్ తీసుకుని మెట్లెక్కేశాడు. నాకు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. చెప్పకుండా ఊరుకుంటే గెలిచేవాడు ఆ మనిషి.

ఛార్జింగ్ ఎక్కాక అదే బండి మీద సంగారెడ్డికి ఆలస్యంగా చేరాం. కుంకుమ కథ ఆయనే అందరికీ నవ్వుతూ చెప్పుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వాన తెరిపిచ్చింది. రోడ్డు తడిగా ఉందని నెమ్మదిగా నడుపుతూ అడిగాను.

"ఇంతకు బండి అమ్ముతవా?"

వెనక నుంచి ఆయన చెయ్యి నా భుజం మీద పడింది.

"అమ్మితే నన్నెవరు తీస్కపోతరే?" అన్నాడు.