ఆసామి ఫోన్ చేయలేదని చెప్పాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఒక్క మాటే. కానీ నా భార్య నలుగురిలో నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ అది లోపల కదులుతుంది. నేను తల దించుకుంటాను. చూసేవాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సిరిసిల్ల. చిన్నప్పటి నుంచి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాను. పొద్దున్నే షెడ్డులోకి పోతే పొద్దుగూకాకే బయటికి రావడం. మధ్యాహ్నపు ఎండ మా ఇంట్లో ఎక్కడ పడుతుందో కూడా నాకు తెలియదు. లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాక మొదటి వారం పిచ్చెక్కినట్టయింది. ఆ చప్పుడు లేక చెవులు గుయ్యిమనేవి. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో తోచేది కాదు. ఊరికే వాకిట్లోకి పోయి వచ్చేవాణ్ణి. కారణం లేకుండా కూతురి మీద అరిచేవాణ్ణి.

ఆ రోజులను ఒక దారికి తెచ్చింది నా భార్య భాగ్య. ఆమె బీడీలు చుడుతుంది. కార్ఖానా మూసేశారు కాబట్టి ఆమెకూ పని లేదు. అయినా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. నీళ్లు పట్టడం, కూర వండడం, కూతురికి జడ వేయడం నాకు అప్పగించింది. నేను మాడ్చిన కూరను మారుమాట లేకుండా తిన్నది. మధ్యాహ్నాలు పక్కింటి పద్మ దగ్గర కుట్టుమిషన్ అడిగి తెచ్చుకొని, తన పాత జాకెట్టు కుట్లన్నీ విప్పి, ఆ ముక్కలను నేల మీద పరిచి చూసి, మళ్లీ జాకెట్టుగా కుట్టేది. ఎవరూ నేర్పలేదు. నెల తిరిగేసరికి కొత్త బట్టను కొలత తప్పకుండా కత్తిరించింది. పదిహేనేళ్ల కాపురంలో నేను ఆమెను అంతసేపు చూసింది అప్పుడే. ఇంత తెలివిగల మనిషి పక్కన ఇన్నాళ్లు బతికానా అనుకున్నాను.

ఒక పొద్దున పక్క గల్లీలో సాంచెలు మోగాయి. కాసేపటికి మా ఆసామి, అంటే నేను పనిచేసే సాంచెల యజమాని, ఫోన్ చేశాడు. రేపటి నుంచి రమ్మన్నాడు. భాగ్య పెరట్లో బట్టలు పిండుతోంది.

"దగ్గు పట్టింది సేటు, జ్వరం గూడ ఉన్నది" అన్నాను. ఆ రోజుల్లో దగ్గు అంటే ఎవరు రమ్మంటారు? పూర్తిగా తగ్గాకే రమ్మని పెట్టేశాడు.

ఎందుకలా అన్నాను? కరోనా భయమా? కాదు. బద్ధకమా? కొంత. ఆ మధ్యాహ్నపు వెలుతురు, కూతురి జడ, మిషన్ ముందు వంగిన భాగ్య మెడ, వీటిని వదిలి మళ్లీ ఆ షెడ్డు దూదిపొట్టులోకి పోవాలనిపించలేదు. అలా కోరుకోవడం తప్పు కాదేమో. కానీ దాని బరువు ఎవరి మీద పెట్టాను?

ఆమె చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"పక్క గల్లీల సాంచెలు నడుస్తున్నయి. మన ఆసామి ఫోన్ చెయ్యలేదా?"

"చెయ్యలే. ఆర్డర్ రాలేదేమో."

నా ముఖం చూసి ఇంకేదో అనుకుంది. "దానికి గంత చిన్నబోవుడెందుకయ్యా. నేను లేనా? కార్ఖానల ఆకు ఇస్తున్నరట. ఇంకింత ఎక్కువ చుడుత, తియ్."

అన్నట్టే చుట్టింది. మిషన్ మూలకు పోయింది. ఒడిలో చాట, చాటలో ఆకు, తంబాకు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి అదే. నేను వండిపెట్టి మంచివాణ్ణనిపించుకున్నాను.

ఇంతవరకే అయితే ఎప్పుడో ఆమె ముందు నవ్వుతూ చెప్పేసేవాణ్ణేమో. ఒకరోజు పద్మ పరుగున వచ్చింది. ఊరి చివర బట్టలు కుట్టే కంపెనీలో ఆడవాళ్లను తీసుకుంటున్నారట. రెండు నెలలు జీతం లేకుండా నేర్చుకోవాలి, తర్వాత పక్కా పని. "నీ చేతికి ఎవ్వరు సాటి రారు, దా పోదాం" అన్నది.

భాగ్య చేతిలోని బీడీకి దారం చుట్టి చాటలో పెట్టింది. తర్వాత, "మా ఆయనకు పని లేదక్కా. రెండు నెల్లు ఇల్లెట్ల గడుస్తది? నువ్వు పో" అన్నది.

నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తున్నాను. ప్రతి మాటా వినపడింది. రేపే పనికి పోతానని ఒక్క మాట చాలు. నోరు తెరవలేదు. సిగ్గా? దొరికిపోతాననా? ఆమె కళ్లలో నా మీద ఉన్న మంచి పోతుందనా? ఏదైనా, ఉల్లిగడ్డ పూర్తిగా కోసి, పొయ్యి వెలిగించాను.

ఆ తర్వాత పది రోజులకు పనికి పోయాను. కంపెనీలో అప్పటికే మనుషులు నిండిపోయారు. ఇప్పుడు పద్మ అక్కడ కొత్తవాళ్లకు కుట్టు నేర్పుతుంది. భాగ్య ఇంకా బీడీలే చుడుతుంది. తంబాకు దుమ్ముకు దగ్గుతుంది. ఆదివారాలు గల్లీ పిల్లల బడి బట్టలు కుట్టిపెడుతుంది, అవి చూస్తే షాపులో కొన్నవే అనుకుంటారు. అప్పుడు పోయి ఉంటే బాగుండేదని ఒక్కసారి కూడా అనలేదు.

మొన్న కోరుట్లలో చుట్టాల పెళ్లిలో ఆడవాళ్లతో అంటోంది. "లాక్‌డౌన్ల ఇంటిపని మొత్తం ఆయననే చేసిండు. గసుంటి మనిషి దొరకడు." అందరూ నా వైపు చూశారు. నేను తల దించుకొని అన్నం కలుపుతూ కూర్చున్నాను.

ఆమెకు చెప్పాలా? చెబితే క్షమిస్తుందేమో. అదే నాకు ఎక్కువ భయం.

ఆ కుట్టుపని కరోనా వల్ల పోయిందని ఆమె అనుకుంటుంది. నా వల్ల పోయింది. ఈ మాట రాసి, రెండుసార్లు చదువుకున్నాను. కొట్టివేయలేదు.