చెలమ దగ్గర నక్క, రోకలి మీద కప్ప

తొలి వానకు మురిసిపోయి, ఇంట్లో ఉన్న వడ్లన్నీ నారు పోశాం. తర్లగూడ దాటాక అడవి అంచున ఉంటుంది మా ఊరు. ఆ వాన తర్వాత అక్కడ మళ్లీ చినుకు పడలేదు. ఇంట్లో మరో పిడికెడు విత్తనాలు లేవు. నారు ఎండితే ఆ ఏడు పొలం బీడే. బోరింగు ఎండిపోయి, వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్లే తాగేవాళ్లం.

పొద్దున్నే బిందెతో వెళ్తే నాకంటే ముందే ఓ నక్క తాగుతుండేది. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. రోజూ ఆ తోక నా కళ్ల ముందే ఊగేది, వాన జాడ మాత్రం లేదు. చెలమ లోపలి తడి ఇసుకలో ఒక చిన్న కప్ప ఉండేది.

మా ఆయన నక్కను మెచ్చుకునేవాడు. "ఈడ నీళ్లు ఒడిస్తే అది గోదారి దాక పోతది. మనం గూడ భద్రాచలం దిక్కు కూలికి పోదాం. ఎండిన మడికాడ కూసొని ఏం జేస్తం?"

మా అత్తది కప్ప పక్షం. "కప్ప ఎటన్న పోయిందారా? మట్టిల కూసొని వాన తెస్తది. నారు ఇడిసిపెట్టి పోవుడేంది?"

నాకు ఇద్దరి మీదా మండేది. నక్కకు నారుమడి లేదు, కప్పకు పిల్లలకు వండిపెట్టే పని లేదు.

అత్త పట్టుబట్టి ఆ కప్పనే పట్టించింది. వేపమండలతో రోకలికి కట్టి, వాన కోసం కప్పతల్లిని ఇల్లిల్లూ తిప్పాం. ప్రతి ఇల్లాలూ దాని మీద బిందెడు నీళ్లు కుమ్మరించాలి. ఆ రోజు ఒకామె చెంబుతో వచ్చింది, ఒకామె గ్లాసుతో. చివరింటామె వేళ్లు తడిపి చిలకరించి మొహం తిప్పుకుంది. ఆమెనని ఏం లాభం, నేనైనా అంతే చేసేదాన్ని.

కప్పను ప్రాణంతో నీళ్లలో వదలకపోతే వాన రాదంటారు. చెలమకు పరుగెత్తాం. అడుగున బురదే ఉంది. నక్క అడుగులు ఒడ్డెక్కి గోదారి దిక్కు పోయాయి. నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో పిల్లల కోసం దాచిన సగం కుండ, పెద్దవాళ్లకు తలో గ్లాసు నీళ్లే మిగిలాయి. "ఆ కుండ ముట్టకు అత్తా" అన్నాను. సాయంత్రం తన వంతు గ్లాసు నీళ్లు తాగకుండా, కప్పను కూడా పట్టుకుని అత్త మడికి పోయింది. నా గ్లాసు తీసుకుని నేనూ వెళ్లాను. గ్లాసెడు నీళ్లకు మడి బతకదని ఇద్దరికీ తెలుసు. మడి బీటలో కప్పను పెట్టి దాని మీద ఆమె పోసింది, నారు మొదట్లో నేను పోశాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన కట్టిన మూట గడప దగ్గర ఉంది.

తెల్లారి నక్క పోయిన దారినే బయల్దేరాం. అత్త కూడా వచ్చింది.