పెద్ద టీచరమ్మ దిద్దిన దరఖాస్తు

పొద్దున మొదటి బస్సు విజయపురి సౌత్‌లో ఆగగానే కండక్టరు టీ కొట్టు వైపు పోకుండా నేరుగా నేను పాఠాలు చెప్పే బడి గేటు వైపు నడిచొచ్చాడు. అతను టీ తాగకుండా ఎటైనా నడవడం నేనెప్పుడూ చూడలేదు. నేనే గేటు దాకా ఎదురెళ్ళాను. "అమ్మా, మీ పెద్ద టీచరమ్మగారు రాత్రి పోయారంట. సాయంత్రం సమాధి చేస్తారంట. మీకు చెప్పమని ఆమె బడి వాచ్‌మన్ నరసరావుపేట స్టాండుకొచ్చి మరీ చెప్పిపోయాడు. ఈ బస్సే తిరిగి పోద్ది, ఎక్కండి" అన్నాడు. కూర్చుని ఏడవడానికి తీరిక ఇచ్చే మనిషి కాదు ఆమె. పోతూ కూడా బస్సు టైముకే కబురు పంపింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆ పేరుతో ఆమెను పిలిచింది లేదు. నరసరావుపేట ఆడపిల్లల బడికి ఆమె హెడ్మిస్ట్రెస్, మాకు పెద్ద టీచరమ్మ. ఆరో తరగతి నుంచి ఆ బడి హాస్టల్లో పెరిగినదాన్ని నేను. ఎండైనా వానైనా, ఆఖరికి వరండాలో నడిచేటప్పుడైనా, ఆమె చంకలో గొడుగు ఉండాల్సిందే. ఎర్ర సిరా ముట్టేది కాదు. తప్పులన్నీ పెన్సిలుతో దిద్ది, "నువ్వు సరిచేసుకున్నాక చెరిపేసుకో" అనేది. శనివారం సాయంత్రం హాస్టలు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి తనే తలకి నూనె పెట్టేది. తల ఆమె చేతిలో ఉన్నప్పుడు అబద్ధమాడటం చానా కష్టం. ఎవరికి ఇంటిమీద బెంగో, ఎవరు ఎవరి జామకాయ కాజేశారో, అన్నీ ఆ నూనె గిన్నె దగ్గరే బయటపడేవి.

బడి అయ్యాక నేను మద్రాసు వెళ్ళి సైకాలజీతో బి.ఏ. చదివాను. తిరిగొచ్చేసరికి కారంపూడి పక్కన మా ఊళ్ళో నా చదువు మీద పెద్ద రచ్చ నడుస్తోంది. "పిచ్చోళ్ళ చదువంట" అని కొందరు, "ఎదుటోళ్ళ మనసులో మాట పట్టేస్తదంట" అని కొందరు. మా ఎదురింటి పెద్దమ్మ అయితే నేను కనిపిస్తే చాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మనసులోది నోట్లోంచే కదా బయటికొస్తుందని కాబోలు. నవ్వులాటకి చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, మా ఇంట్లో అది నవ్వులాట కాదు. ఊరంతా ఒక పక్క, మా నాయన ఒక పక్క నిలబడి నన్ను మద్రాసు పంపాడు. పంచాయతీలో ఆయనకు పడనివాళ్ళు రచ్చబండ మీద రోజూ అదే మాట: ఇంత చదివించి ఏం పీకాడు?

ఒకరోజు అన్నం తింటూ నాయన తేల్చి చెప్పేశాడు. "పెద్దదానికి ఉజ్జోగం వస్తే చిన్నదాన్ని కాలేజీకి పంపుతా. రాకపోతే ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. ఇంక ఈ మాట మీద నన్ను కదిలించమాకండి." చిన్నదంటే మా చెల్లి. ఆ ఏడు ఎస్సెస్సెల్సీ పరీక్షలకు కూర్చోబోతోంది. డాక్టరు కావాలని దానికి కోరిక, నాతో తప్ప ఎవరితోనూ అనేది కాదు. ఆ పూట అన్నంలో వేలుపెట్టి అలాగే కూర్చుంది. ఆ రోజు నుంచీ నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. నా ఉద్యోగం ఇక నా ఒక్కదానిది కాదు, చెల్లి చదువు కూడా దానిమీదే ఆధారపడింది.

మొదటి దరఖాస్తు సత్తెనపల్లిలో ఒక బడికి పెట్టాను. ఎవరు రాశారనుకున్నారు? గురజాల కోర్టు దగ్గర దస్తావేజులు రాసే పెద్దమనిషి. మా పల్నాడులో కాగితమంటే కోర్టు కాగితమే, రాత అంటే ఆయన రాతే. గురజాల తాలూకా ఫలానా గ్రామ కాపురస్తులు, మెట్టా మాగాణీ కలిసి ఇంత భూమికి హక్కుదారులు, గడిచిన పంచాయతీ ఎన్నికల్లో జయం పొందినవారు అయిన ఫలానా వారి జ్యేష్ఠ కుమార్తె, సదరు అర్జీదారు తమ పాదపద్మములకు విన్నవించుకునేదేమనగా... ఇలా సాగింది. చివర్న నేను నా తెలివి కూడా కలిపి, మద్రాసులో చదివిన పేపర్ల పేర్లన్నీ ఇంగ్లీషులో గుప్పించాను. ఇంటర్వ్యూలో ఒకాయన 'అబ్‌నార్మల్ సైకాలజీ' అన్నచోట వేలు పెట్టి, "మా బళ్ళో పిచ్చోళ్ళెవరూ లేరు గదమ్మా?" అన్నాడు. ఇంకొకాయన, "పంచాయతీలో మీ నాయనది ఏ వర్గం?" అన్నాడు. నేను చెప్పాను. ఆయనది అవతలి వర్గం. అయిపోయింది.

తర్వాత పేపర్లో ఒక ప్రకటన పడింది. విజయపురి సౌత్ డ్యాం కాలనీలో కూలీల పిల్లలకీ, ముంపు ఊళ్ళ నుంచి లేచొచ్చిన పిల్లలకీ పెట్టిన బడికి టీచరు కావాలి, సైకాలజీ చదివినవారైతే మరీ మంచిది అని. నాయన మళ్ళీ అదే అర్జీకి కొత్త కాపీ రాయించి, పెద్ద టీచరమ్మ చేత ఒక సిఫార్సు మాట రాయిద్దామని నన్ను వెంటేసుకుని నరసరావుపేట బస్సెక్కాడు.

ఆమె కాగితం అందుకుని పైనుంచి కింది దాకా చదివింది. చదివి బల్ల మీద బోర్లా పెట్టింది. "ఏమండీ, ఇది ఉజ్జోగానికా, పొలం రిజిస్ట్రేషనుకా?" అంది నాయనతో.

"గురజాల ఆయన రాశాడండీ. ఆయన రాస్తే తిరుగుండదు."

"కోర్టులో ఉండదు లేండి. రేపు బళ్ళో మీ మాగాణి వచ్చి పాఠం చెప్పుద్దా?"

మా నాయనను మొహం మీద అంత మాటన్నవాళ్ళు తాలూకాలో లేరు. ఆయన కండువా సర్దుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"కాగితం సంగతి తర్వాత. నువ్వు చెప్పు. సైకాలజీ చదివావు. దాంతో ఎవరికి ఏం చేశావు?"

"ప్రయోగాలు చేశానండి. అద్దంలో చూసి గీత గీయించాం, జ్ఞాపకశక్తి కొలిచాం..."

"ఎవరికి కొలిచావు?"

"మా క్లాసు అమ్మాయిలకేనండీ."

"వాళ్ళకేమన్నా ఒరిగిందా?"

"మార్కులొచ్చాయండి."

"అవి నీకొచ్చినయ్. వాళ్ళ సంగతి అడుగుతున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. సిఫార్సు కోసం వస్తే పరీక్ష పెడుతుందేంది ఈవిడ అనుకున్నాను. ఆమె తాపీగా పెన్సిలు చెక్కుతూ, "అయితే రాయడానికి ఇంకా ఏం లేదే అమ్మాయ్. లేనిది రాయమాక. చేసి, అప్పుడు రాయి" అంది.

"నెలాఖరుకి అర్జీ చేరాలంటండీ, టైమెక్కడిది?" అన్నాడు నాయన.

"నెలాఖరు దాకా ఉందిగా! పిల్లని ఇక్కడ వదిలేసి పొండి."

అలా నేను మళ్ళీ హాస్టల్లో పడ్డాను. ఆమె నాకు అప్పగించింది రెండో తరగతి పిల్లని ఒకదాన్ని. కృష్ణ ఒడ్డున డ్యాం నీళ్ళకింద పోయే ఊరి పిల్ల. రోజూ తెల్లారి లేవగానే తన చాప, కంచం, గ్లాసు, గుడ్డలు అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి, దాని పక్కనే కూర్చునేది. బడిలోకి కూడా ఆ మూట మోసుకొచ్చేది. కొట్టినా, బుజ్జగించినా విప్పేది కాదు. వార్డెనమ్మ ఇది దొంగబుద్ధి అంది, వంటామె గాలి సోకిందంది.

నేను నా పుస్తకాల్లో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను. పిల్ల పెదవి విప్పలేదు. చివరికి ఒక శనివారం పెద్ద టీచరమ్మ చేతిలోని నూనె గిన్నె తీసుకుని నేనే ఆ పిల్ల వెనక కూర్చున్నాను. తల సగం దువ్వాక అదే అడిగింది: "అక్కా, బండి ఎప్పుడొస్తది?"

"ఏం బండే?"

"మమ్ముల తీస్కపోనికి."

మెల్లగా కథంతా వచ్చింది. ఊరు ఖాళీ చేయాలి, రేపు బండ్లొస్తాయి అని చాలాసార్లు చెప్పారంట. ప్రతిసారీ ఇల్లంతా మూటలు కట్టడం, బండ్లు రాకపోతే మళ్ళీ విప్పడం. ఒక్కరోజు ఈ పిల్ల తన మూట కట్టుకోలేదు. ఆ రోజే బండొచ్చింది. పలకా, చెక్కబొమ్మా ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంక ఆ తప్పు ఎందుకు చేస్తుంది?

పెద్ద టీచరమ్మకి చెప్పాను. ఆమె ఒక మేకు తెచ్చి, రాయితో తనే గోడకి కొట్టి, నా చేతికి పిల్లని అప్పగించి పోయింది. "ఈ మేకు నీదే, దీనికి తగిలించింది ఇక్కడే ఉంటుంది, ఎవ్వరూ తియ్యరు" అన్నాను పిల్లతో. ప్రతి సాయంత్రం పక్కన కూర్చుని మరునాడు ఏం జరుగుతుందో చెప్పేదాన్ని. రేపు లెక్కలు. రేపు పప్పు, వంకాయ. రేపు బండి రాదు. ముందు తువ్వాలు మేకుకి ఎక్కింది. తర్వాత గ్లాసు బయటికొచ్చింది, కొన్నాళ్ళకి చాప. నెలాఖరు దగ్గరపడేసరికి గుడ్డల మూట ఒక్కటే మిగిలింది. అది మాత్రం విప్పలేదు.

ఇక దరఖాస్తుకి కూర్చున్నాం. నేను మళ్ళీ పేజీలకు పేజీలు సిద్ధాంతాలు దట్టించాను. ఆమె మొత్తం పెన్సిలుతో కొట్టేసింది. "చదివే ఆయనకి మధ్యాహ్నం కునుకు పట్టి ఉంటది. ఒక్క పేజీలో లేపాలి. ఆ పిల్ల సంగతి ఏదే?"

"అది చిన్న విషయం గదండీ."

"నువ్వు చేసిందే అదొక్కటి!"

అదే మొదట రాయించింది. పిల్ల ఎలా ఉండేది, నేనేం చేశాను, ఏం మారింది. ఆ తర్వాతే బి.ఏ. సంగతి. చదివిన పేపర్లకు పేర్లు కాదు, ఏ పేపరు వల్ల ఏ పని చేయగలనో ఒక్కో వాక్యం. "గుడ్డల మూట ఇంకా విప్పలేదు, అది కూడా రాయి" అంది.

"అది రాస్తే నాకు చేతకాలేదనుకుంటారండీ."

"అనుకోనీ. మిగతాదంతా నమ్ముతారు."

నాయన వచ్చి చూసుకున్నాడు. పొలం లేదు, పంచాయతీ లేదు, పాదపద్మాలు లేవు. మొహం చిన్నబోయింది. "నా పేరు ఒక్కసారేనా టీచరమ్మగారూ?"

"ఒక్క నాయనే గదండీ ఉంది దానికి" అంది ఆమె. నాయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఇంటర్వ్యూ డ్యాం ఆఫీసులో, మిట్ట మధ్యాహ్నం. నడుమ కూర్చున్న పెద్దాయన నిజంగానే కునుకుతున్నాడు. నా కాగితం చదువుతూ చదువుతూ నిటారుగా కూర్చున్నాడు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఆ గుడ్డల మూట ఇప్పటికన్నా విప్పిందా?"

"సగం విప్పిందండీ. పండగ గౌను ఒక్కటి బయటపెట్టింది."

ఆయన కిటికీలోంచి కాలనీ వైపు చూసి, "ఇక్కడ ఇంటింటా కట్టిన మూటలేనమ్మా. ఎప్పుడు చేరతావు?" అన్నాడు.

ఆర్డరు వచ్చిన రోజు నాయన దాన్ని ఊళ్ళో అందరికీ చూపించి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఏమే చిన్నదానా, గుంటూరు కాలేజీకి ఏమేం కావాలో చెప్పు" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా చెల్లి కదల్లేదు. నేనే ఉరికి దించాను.

నరసరావుపేట వెళ్ళి పెద్ద టీచరమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "లే, లే, జీతం రాగానే ముందు మంచి చెప్పులు కొనుక్కో, ఆ కాలనీ అంతా రాళ్ళంట" అంది. అంతే. ఆ తర్వాత మా ప్రాంతంలో ఎంతమంది ఆడపిల్లలు కాగితం పట్టుకుని ఆమె గుమ్మం ఎక్కారో! అందరికీ అదే మాట: "నీకెంత అవసరమో రాయమాక. నువ్వొస్తే వాళ్ళకేం బాగుపడుద్దో రాయి." నా దగ్గరికి ఎవరైనా వస్తే నేనూ ఆ మాటే చెబుతున్నాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆమె పెట్టింది. ఆ సంగతి ఆమె ఉండగా నోరు తెరిచి చెప్పనివ్వలేదు కాబట్టి మీ అందరి ముందూ చెబుతున్నాను.

ఆమె పోయిందని తెలిసిన ఆ పొద్దున, బస్సెక్కే ముందు డ్యాం ఆఫీసు ఫోను నుంచి గుంటూరు హాస్టల్లో ఉన్న చెల్లికి కబురు చెప్పాను. అది ఇప్పుడు డాక్టరు చదువు ఆఖరి ఏడు. "నువ్వు రానక్కర్లేదే, పరీక్షలు గదా. అయినా నువ్వామెను చూసింది కూడా లేదు" అన్నాను. "వస్తున్నా అక్కా" అని పెట్టేసింది.

నిజంగానే చూడలేదు. ఎప్పుడు తీసుకెళతానన్నా ఏదో ఒక అడ్డం. నరసరావుపేట సమాధుల తోటలో ప్రార్థన, పాట అయిపోయి, అందరూ వరసగా నడుస్తూ గుప్పెడు గుప్పెడు మన్ను గుంటలో వేస్తున్నప్పుడు చెల్లి వచ్చింది. బస్సు దిగి ఉరుకుతూ వచ్చినట్టుంది, రొప్పుతోంది. నా వెనకే వరసలో నిలబడింది. నేను మన్ను వేసి పక్కకి జరిగాను. అది వంగి, రెండు చేతులా నల్లమన్ను తీసుకుంది. వేయలేదు. దోసిలి నిండా పట్టుకుని, ఒక్కసారి కూడా చూడని ఆ మనిషి మీదికి వంగి అలాగే నిలబడిపోయింది. వేళ్ళ సందుల్లోంచి మన్ను కొంచెం కొంచెం జారుతోంది. వెనక వరస మొత్తం ఆగిపోయింది. ఎవరూ దాన్ని తొందరపెట్టలేదు.