ఫోల్డర్‌ని ప్రాజెక్ట్ చేసిన మేనేజర్

గవర్నర్‌పేటలోని మా ఆఫీసులో, ప్రోగ్రామర్లు కోడ్ భద్రపరుచుకునే ప్లాట్‌ఫామ్‌కి నేను గైడ్ రాస్తాను. మొత్తం కోడ్‌ని 'ప్రాజెక్ట్' అని, అందులో చిన్న భాగాన్ని 'ఫోల్డర్' అని అంతటా ఒకేలా రాశాను. మా మేనేజర్ నాకు చెప్పకుండా కొన్నిచోట్ల 'ఫోల్డర్' అన్న మాటని కూడా 'ప్రాజెక్ట్' చేసేశారు. ఈ రోజు, కొత్తగా చేరిన లావణ్య 'పాత ప్రాజెక్ట్ తీసేయండి' అన్న వాక్యం చదివి మొత్తం కోడ్ తీసేసింది. తర్వాత భయంతో ఏడ్చేసింది.

ఎందుకు మార్చారని ఆయన్ని అడిగాను.

"ఒకటే మాట పదిసార్లు వస్తే బోరు కొట్టదా అండీ? కాస్త వెరైటీ ఉండాలి."

"అయితే రేపట్నుంచి మిమ్మల్నీ రోజుకో పేరుతో పిలుస్తామండీ," అన్నాను.

సాయంత్రానికి బ్యాకప్ నుంచి కోడ్ తిరిగొచ్చింది. ఆయన మాత్రం జాగ్రత్తగా చదవమని లావణ్యకే క్లాసు పీకారు. ఇలాంటి సాహిత్య పిపాసి మీ ఆఫీసులోనూ ఉన్నారా?